పద్నాలుగు గంటల దూరం

"ఇంకొకసారి చదువు," అన్నాడు గోవిందయ్య.

మోనిక చదవలేదు. టికెట్టు కాగితం అన్న చేతికిచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పటికే మూడుసార్లు చదివింది.

మురుగేష్ చదివాడు. "జూన్ ఇరవై ఒకటి, ఆదివారం. సున్నా సున్నా యాభై ఐదు. అంటే పన్నెండూ యాభై ఐదు నాయనా."

"అదే కదా నేనూ చెప్తా ఉండేది. ఆదివారం రాత్రి పన్నెండూ యాభై ఐదు. ఈ పొద్దే కదా ఆదివారం. రాత్రికి ఇంకా ఎంత టైముండాది."

"ఆ పన్నెండూ యాభై ఐదు అయిపోయింది నాయనా. నిన్న రాత్రి మనం అన్నం తిని పండుకున్నాక అయిపోయింది. విమానం పోయి ఆరున్నర గంటలయింది."

గోవిందయ్య కాగితం వైపు చూశాడు గానీ చేతిలోకి తీసుకోలేదు.

"తెల్లారితే కదప్పా దినం మారేది," అన్నాడు మెల్లగా.

మురుగేష్ కాగితం మడిచి చెల్లెలికి ఇచ్చేశాడు.

ఇంట్లో మరమగ్గాలు ఆగిపోయి అప్పటికి గంట దాటింది. ఆరుంపావుకు పుత్తూరు టికెట్ల ఆఫీసు సునీల్‌కుమార్ ఫోన్ చేసి, "పాప సింగపూరులో దిగిందా అన్నా?" అని అడిగినప్పుడు మురుగేష్ మగ్గాల మధ్య ఉన్నాడు. ఆ చప్పుడులో వినబడక రెండుసార్లు అడిగించుకున్నాడు. మూడోసారి వినబడింది. ఆ తర్వాత ఒక్కొక్క స్విచ్చీ నొక్కుకుంటూ ఆరు మగ్గాలూ ఆపేశాడు. నగరిలో ఆ వీధిలో పొద్దున్నే మగ్గాలు ఆగాయంటే కరెంటన్నా పోయి ఉండాలి, మనిషన్నా పోయి ఉండాలి. కరెంటు ఉంది. అందుకే తల్లి నాగరత్నమ్మ పిండి చేతుల్తోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

వచ్చి విషయం విన్నాక ఆ చేతులు అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిండి ఎండిపోయింది.

మోనికకు వచ్చే మంగళవారం పొద్దున ఎనిమిదికి న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ అనే ఊళ్లో నర్సుల పరీక్ష. చేత్తో చేసి చూపించాల్సిన పరీక్ష. దానికి పిలుపు రావడానికే మూడేళ్లు పట్టింది. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పింది, మూడోసారి గట్టెక్కింది. ఆ గట్టు మీద నిలబడి ఉండే గడువు, అంటే ఆ మార్కులు చెల్లే గడువు కూడా ఈ నెలాఖరుతో అయిపోతుంది. మంగళవారం ఎనిమిదికి ఆ గదిలో లేకపోతే పేరు కొట్టేస్తారు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. తిరుపతిలో చేస్తున్న ఆసుపత్రి ఉద్యోగానికి పోయిన నెలే రాజీనామా ఇచ్చేసింది.

ఇంత చదివిన పిల్లకు పన్నెండు దాటితే తేదీ మారుతుందని తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. ఆమె కూడా తనను తాను అదే అడుగుకుంటూ ఉంది.

"నైట్ డ్యూటీలో పన్నెండు దాటగానే రోగి షీటు మీద తేదీ మార్చి రాసేదాన్ని నేనే," అంది వదినతో. "ఐదేండ్లు రాసినాను వదినా. ఈ ఒక్క కాగితం మాత్రం సూసుకోలేదు."

"నువ్వు ఆ పుస్తకాల్లోనుంచి తల పైకెత్తినావా అసలు," అంది మురుగేష్ భార్య ఉదయలక్ష్మి. "ఆదివారం రాత్రి, ఆదివారం రాత్రి అని ఇంట్లో అందురూ అంటా ఉంటే అదే చెవుల్లో పడింది. నేనూ అట్లే అనుకుంటి."

ఇంట్లో అందరిచేతా ఆ మాట అనిపించింది గోవిందయ్య. ముప్పై ఏళ్లుగా ఆ వీధికి మంచీ చెడ్డా గడియలు చెప్పేది ఆయనే. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాలన్నా, పిల్లను చూడ్డానికి పోవాలన్నా ముందు ఆయన దగ్గరికొస్తారు. శని సోమవారాలు తూర్పుకు శూల, ఆ రోజుల్లో ఆ దిక్కుకు ప్రయాణం కట్టకూడదని ఆయన చెబితే, మద్రాసుకు నూలు కోసం పోయే లారీ కూడా ఒకరోజు ఆగి పోయిన సందర్భాలున్నాయి. టికెట్టు ఆదివారానికి తీసుకోమని చెప్పింది ఆయన. పుత్తూరు పోయి తీసుకొచ్చిందీ ఆయనే. మోనిక నెంబరు ఎలాగూ మారిపోతుంది కదా అని టికెట్టుకు తన ఫోన్ నెంబరే ఇచ్చి వచ్చాడు.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుండాది," అంది నాగరత్నమ్మ. గట్టిగా అనలేదు. వినబడేలా మాత్రం అంది.

గోవిందయ్య విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు.

"ఈ టికెట్టు ఈ రాత్రి విమానానికి చెల్లదా?" అని అడిగాడు కొడుకుని.

"ఇది బస్సు కాదు నాయనా. మనం ఎక్కకపోతే టికెట్టు పోయినట్టే."

"పోనీ, కొత్తది తీసుకుంటే?"

ఈ మాటకు మురుగేష్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఫోన్లో వెతికితే దొరకనిది లేదని అతని నమ్మకం. దొరికినదంతా నిజమని అంతకన్నా గట్టి నమ్మకం. గబగబా నొక్కి అందరికీ కనబడేలా ఫోన్ పట్టుకున్నాడు.

"ఇదో సూడండి. చెన్నై ఎయిర్‌పోర్టు, క్రైస్ట్‌చర్చ్ ఎయిర్‌పోర్టు. మధ్యలో పదకొండు వేల నూటా ఎనభై కిలోమీటర్లు. ప్రయాణం పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఇప్పుడు ఆదివారం పొద్దున ఏడున్నర. పరీక్ష మంగళవారం ఎనిమిదికి. ఇంకా రెండు దినాలుండాది కదా. దీనికి ఇంత ఏడుపెందుకు?"

నాగరత్నమ్మ ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది. గోవిందయ్య కూడా తలెత్తాడు.

"అవును, పద్నాలుగు గంటలే," అన్నాడు. "ఈ రాత్రికి ఎక్కినా రేపు మధ్యాన్నానికి దిగిపోతాది."

"అన్నా," అంది మోనిక. అప్పటిదాకా ఎదురుగోడనే చూస్తున్న పిల్ల ఇటు తిరిగింది. "అది రెండు చుక్కల మధ్యన గీత గీసి కొలిచిన దూరం. ఆ గీత మీద ఏ విమానమూ పోదు. చెన్నైలో ఎక్కితే నేరుగా ఆడ దించే విమానమే లేదు. యాడో ఒకచోట దిగాల, కూచోవాల, ఇంకోటి ఎక్కాల. నేను పోవలసిన దానికే ఇరవై గంటలు పైన పడతాది."

"అయితే ఇరవై. అయినా..."

"ఇంకొకటి. ఆడ మంగళవారం పొద్దున ఎనిమిదంటే మనకు యాల ఎంతో తెలుసునా? సోమవారం రాత్రి ఒకటిన్నర. వాళ్లు మనకన్నా ఆరున్నర గంటలు ముందుండారు. మనకు తెల్లారకముందే నా పరీక్ష మొదలైపోతాది."

మురుగేష్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మడిచిన వేళ్లను అలాగే చూసుకుంటూ కూర్చున్నాడు.

"నలభై రెండు గంటలుండాది," అంది మోనిక. "అంతే."

సునీల్‌కుమార్ ఎనిమిదికి మళ్లీ ఫోన్ చేశాడు. మురుగేష్ స్పీకరులో పెట్టి నేల మీద ఉంచాడు. ఐదుగురూ దాని చుట్టూ కూర్చున్నారు.

"ఈ రాత్రి సింగపూరు విమానంలో ఎక్కితే పని జరగదన్నా. ఆడనుంచి క్రైస్ట్‌చర్చ్‌ది రేపు నిండిపోయింది. ఒకే ఒక దారుండాది. చెప్తా, పాపను రాసుకోమను."

మోనిక టికెట్టు కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీసుకుంది.

"ఈ మధ్యాన్నం రెండూ ఇరవైకి చెన్నైలో కౌలాలంపూరు విమానం. ఆడ రాత్రి దిగి పొద్దున పదిదాకా కూచోవాల. పదికి ఆక్లాండ్‌ది. పదకొండు గంటలు తక్కువ కాదు అది. ఆడ దిగేటప్పటికి వాళ్లకు అర్ధరాత్రి దాటి ఉంటాది. మళ్లా కూచోవాల. పొద్దున ఆరూ పదికి క్రైస్ట్‌చర్చ్‌కు మొదటి విమానం."

"ఆ రెండు ఎయిర్‌పోర్టులకూ మధ్య ఎంత దూరమప్పా?" అడిగాడు గోవిందయ్య ఫోన్ మీదికి వంగి.

"ఆక్లాండ్ నుంచి క్రైస్ట్‌చర్చ్ ఏడువందల యాభై కిలోమీటర్లు ఉంటాది సామీ. గంటా ఇరవై ఐదు నిమిషాలు."

"అంటే ఏడూ ముప్పై ఐదుకు దిగుతాది."

"దిగుతాది. టైముకు ఎగిరితే."

"ఎయిర్‌పోర్టునుంచి పరీక్ష జరిగే తావు ఇరవై నిమిషాలు," అంది మోనిక. రాసుకున్నదాని కింద గీత గీసింది. "ఐదు నిమిషాలు మిగులుతాది."

అరవై ఎనిమిదేళ్లలో గోవిందయ్య విమానం ఎక్కలేదు. రేణిగుంట మీదుగా పోతూ బస్సులోంచి విమానం దిగడం చూశాడు, అంతే. ఇప్పుడు ఆయన మనసంతా ఎప్పుడూ చూడబోని రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఆ గంటా ఇరవై ఐదు నిమిషాల్లో ఇరుక్కుపోయింది. మంచు పడుతుందా ఆ కాలంలో అని అడిగాడు. ఆడ ఇప్పుడు చలికాలమే సామీ అన్నాడు సునీల్‌కుమార్. మంచు పడితే ఆలస్యమవుతుందా అని అడిగాడు. దానికి సునీల్‌కుమార్, "సీట్లు రెండే ఉండాయన్నా, తీసేదా?" అన్నాడు.

"తియ్యి," అన్నాడు మురుగేష్.

"చెన్నైలో పన్నెండుకల్లా ఉండాల. తొమ్మిదికి ముందే బయలుదేరండి."

ఫోన్ ఆగిపోయింది. మోనిక లేచి నిలబడింది. మొత్తం ముప్పై ఐదు గంటలు. అందులో పదహారు గంటలు గాలిలో, పందొమ్మిది గంటలు బెంచీల మీద. నిద్ర లేకుండా దిగి, ఐదు నిమిషాల్లో ముఖం కడుక్కుని, ఎవరో తెల్లదొరసాని ముందు నిలబడి చెయ్యి వణక్కుండా సూది వెయ్యాలి. అయినా దారి ఒకటి ఉందన్న మాటకే ఆ పిల్లకు ఏడుపు ఆగింది.

అంతటితో అందరూ లేచి పనిలో పడి ఉంటే బాగుండేది. కానీ మనుషులకు కాస్త ఊపిరి ఆడితే చాలు, తప్పెవరిదో తేల్చుకోవాలనిపిస్తుంది.

"ఏమయ్యా," అంది నాగరత్నమ్మ. "ఒక మాట అడుగుతా, చెప్పు. నీకు నిజంగానే తెలీదా?"

గోవిందయ్య భార్య వైపు చూశాడు.

"పోయిన ఉగాది ముందర మనం కొండకు పోతిమి. దర్శనం చీటీ మీద మర్నాటి తేదీ, ఒంటిగంట అని ఉండింది. మేమందరం రేపు మధ్యాన్నం అనుకుని సత్రంలో పండుకుంటే, కాదు, పన్నెండు దాటితే తేదీ మారతాది, ఈ రాత్రే పోవాల అని మమ్మల్ని లేపింది ఎవురు? నువ్వే కదా. ఉదయ చంటిపిల్లను కూడా లేపితివి."

ఆ మాట నిజం. ఉదయలక్ష్మికి గుర్తుంది, మురుగేష్‌కు గుర్తుంది. ఇంతసేపూ ఎవరికీ తట్టలేదు, అంతే.

"దేవుని చీటీకి తెలిసింది, బిడ్డ చీటీకి తెలీలేదా నీకు?"

"అమ్మా, వద్దు," అన్నాడు మురుగేష్.

"ఎందుకు వద్దు? ఆరేండ్ల నాడు ఇది చెన్నైలో పనికి చేరేదానికి శనివారం నాడు బయలుదేరింది. ఈయన వద్దన్నాడు. ఇది నవ్వి పోయింది. తిరువళ్లూరు దాటినాక బస్సు బోల్తా పడింది. నాలుగు నెలలు మంచంలో ఉండింది బిడ్డ. అవునా కాదా? అప్పట్నుంచి ఇది గడప దాటుతుందంటే ఈయన ముందు వద్దనే అంటాడు. తిరుపతిలో ఉద్యోగం అంటే సరేలే దగ్గరే అన్నాడు. ఈ దేశం మాట ఎత్తినప్పట్నుంచీ ఒక్కదినం నోరారా పోయిరా అన్నాడా? కంచే చేను మేస్తే ఇంక ఎవురికి చెప్పుకోవాల?"

గోవిందయ్య పెదవులు కదిలాయి. ఆయన మామూలుగా మాటకు మాట అనే మనిషి. నలభై ఏళ్ల కాపురంలో నాగరత్నమ్మ ఆఖరి మాట అన్న గొడవలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈరోజు ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడడం మురుగేష్‌కు నచ్చలేదు.

"ఏదన్నా ఒకటి చెప్పు నాయనా," అన్నాడు. "తెలీదని చెప్పు."

అప్పుడు మోనిక వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"ఏం చెప్పాల ఆయన? కొండమీద ఆ పొద్దు ఎవరో గేటుకాడి మనిషి చెప్తే వచ్చి మిమ్మల్ని లేపినాడు. ఆయనకాయన కనిపెట్టింది కాదు. ఆయన లెక్కలో తెల్లారితేనే దినం. పుట్టినప్పట్నుంచీ అంతే. నాకు తెలీదామ్మా మా నాయన సంగతి? ఆ నాలుగు నెలలూ నన్ను ఎత్తుకుని బాత్రూముకు తీసకపోయింది ఆయన. నా కాలు నేల మీద ఆనిన దినం వీధంతా లడ్లు పంచింది ఆయన. ఆయన నా నోటికాడి కూడు తీస్తాడా?"

"నేనూ ఆ నాలుగు నెలలూ ఈడే ఉండినా," అంది నాగరత్నమ్మ.

"ఉండినావు. కాదన్లా. అయినా ఇంత మాట అనకూడదు నువ్వు."

నాగరత్నమ్మ గొంతు తగ్గింది. "నువ్వు పోతా ఉండావు. పోయేముందు నేను తప్పుదాన్ని అయిపోతినా?"

మోనిక సూట్‌కేసుల దగ్గరికి పోయింది. ఆ పిల్లకు తల్లి మీద ప్రేమ తక్కువ కాదు. కానీ దెబ్బ తిన్న మనిషి పక్కన నిలబడడం ఆమెకు వృత్తి. ఆ గదిలో దెబ్బ తిన్నవాడు తండ్రే అని ఆమె కళ్లకు కనబడింది.

కారు ఎదురింటివాళ్లది. వెనక సీటు సగం సూట్‌కేసులకే సరిపోయింది, డిక్కీ చిన్నది. మురుగేష్ నడుపుతాడు. ఇంక ఇద్దరికే చోటుంది. ఒకరు మోనిక.

ముందునుంచీ అనుకున్నదాని ప్రకారం ఎయిర్‌పోర్టుకు వచ్చేది నాగరత్నమ్మ. నిన్నటిదాకా కొత్త చీర మడత విప్పి, కట్టి చూసుకుని, మళ్లీ మడత పెట్టింది.

"నేను రాను," అంది ఇప్పుడు. "ఆయన్నే తీసకపో."

ఆమె ఉద్దేశం, లేదులేమ్మా నువ్వే రా అని బతిమాలించుకోవాలని. ఉదయలక్ష్మికి అది అర్థమైంది. మోనిక చెయ్యి పట్టుకుని, "అత్తను పిలువు, ఒక్కసారి పిలిస్తే వస్తాది," అని చెవిలో చెప్పింది.

మోనిక గుమ్మం వైపు చూసింది. తల్లి అటు తిరిగి నిలబడి ఉంది. వీధి అరుగు మీద తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎనిమిదీ యాభై అయింది.

"నాయన వస్తాడు," అంది.

తల్లి కాళ్లకు దండం పెట్టింది. నాగరత్నమ్మ ఆశీర్వదించింది గానీ తల మీద చెయ్యి వెయ్యలేదు. పిండి అంటిన చెయ్యి ఇంకా కడుక్కోలేదు. ఉదయలక్ష్మి పులిహోర డబ్బా కిటికీలోంచి లోపలికి పెట్టింది. కారు కదిలింది.

కారు తిరుత్తణి దాటింది. మురుగేష్‌కు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతే పన్నెండుకు చేరతామన్న లెక్క ఒకటే. మోనిక ఫోన్లో పరీక్ష పాఠాలు తెరిచింది గానీ ఒక పేజీ దగ్గరే ఆగిపోయింది. గోవిందయ్య ముందు సీట్లో తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నాయనా, రెండు ముద్దలు తిను. పొద్దున్నుంచీ ఏం తినలేదు," అంది మోనిక.

"వద్దు."

"అమ్మ మాటలు మనసులో పెట్టుకోవద్దు. కోపం ఆమెకు నోట్లో ఉంటాది, అంతే. సాయంత్రానికి ఆమే ఏడుస్తాది."

గోవిందయ్య అద్దంలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. రైలు గేటు దగ్గర కారు ఆగింది. ముందు ఒక ట్రాక్టరు, రెండు షేర్ ఆటోలు. మురుగేష్ వాచీ చూసుకుని స్టీరింగు మీద వేళ్లతో కొట్టసాగాడు.

"ఆమె అన్నది అబద్దం కాదు పాపా," అన్నాడు గోవిందయ్య.

మురుగేష్ వేళ్లు ఆగిపోయాయి.

"నిన్న సాయంత్రం నాలుగుకు నా ఫోనుకు మెసేజి వచ్చింది. ఇంగిలీసు నాకు రాదు. అంకెలు వస్తాయి కదా. ఇరవయ్యో తేదీ, ఇరవై ఒకటీ యాభై ఐదు, అంటే రాత్రి పదికి ఐదు నిమిషాలు తక్కువ, అని ఉండింది. ఆ కింద ఇరవై ఒకటి, సున్నా సున్నా యాభై ఐదు. చానాసేపు సూసినా. నిన్న రాత్రి పదికల్లా నువ్వు ఆడుండాలని అర్థమయిపోయింది."

"అప్పుడు చెప్పి ఉంటే," అన్నాడు మురుగేష్. "నాలుగుకు చెప్పి ఉంటే ఎనిమిదికి ఆడుండేవాళ్లం కదా నాయనా."

"ఉండేవాళ్లం. అదే భయం. నిన్న శనివారం. తూర్పుకు పోవడం. ఆ బస్సు పడిన పొద్దు కూడా శనివారమే." కొడుకు వైపు తిరిగాడు. "నువ్వే కదప్పా పోయిన వారం ఫోన్లో చూపిస్తివి, పద్నాలుగు గంటలని. నేను దాన్నే పట్టుకుని లెక్కేసినా. ఆదివారం రాత్రి ఎక్కినా సోమవారం మధ్యాన్నానికి దిగిపోతాది, పరీక్ష మంగళవారం, ఇంకా ఒక దినం మిగిలే ఉంటాది అనుకున్నా. ఒక బస్సు తప్పిపోతే అదే టికెట్టుకు ఇంకో బస్సులో కూచోబెడతారు కదా, అట్లనుకున్నా. ఎవరికీ తెలీకుండా ఒక్క దినం జరిపితే చాలు, శూల దాటిపోతాది, బిడ్డ క్షేమంగా పోతాది అనుకున్నా."

రైలు పోయింది. గేటు లేచింది. వెనక బండి హారన్ కొట్టింది. మురుగేష్ కారు ముందుకు పోనిచ్చాడు.

మోనిక వెనకనుంచి తండ్రి మెడ వైపు చూస్తూ ఉంది. ఆమెకు కోపం రావాలి. ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. ఇంటి నడిమధ్య నిలబడి తల్లికి పాఠం చెప్పింది. గేటుకాడి మనిషి అని ఒక కథ కూడా కల్పించింది. అలాంటి మనిషి ఎవరూ లేరు. నాయన కోసం ఆ క్షణానికి ఆమె నోటికి వచ్చిన మనిషి.

"నన్ను పోనియ్యకుండా చెయ్యాలని కాదు కదా?" అని అడిగింది.

"కాదు పాపా. నువ్వు పోవాల. నీ మాదిరి మూడేండ్లు కూచుని చదివిన బిడ్డ ఈ వీధిలో లేదు. పోవాల. శనివారం పోకూడదు, అంతే."

"మరి అమ్మ అడిగినప్పుడు చెప్పి ఉండొచ్చు కదా."

కారు రెండు ఊళ్లు దాటింది.

"చెప్పాలనే నోరు తెరిచినా," అన్నాడు చివరికి. "అంతలో నువ్వొచ్చి నా పక్కన నిలబడితివి. మా నాయనకు తెలీదు అంటివి. నువ్వట్ల అన్నాక నాకు నోరు రాలేదు."

మురుగేష్ కారు పక్కకు తీయబోయాడు. అతనికి దిగి కాసేపు నిలబడాలనిపించింది. లేకపోతే నడపలేనేమో అనిపించింది.

"ఆపొద్దన్నా," అంది మోనిక. "పదీ ఇరవై అయింది. నువ్వు ఆపితే ఆ విమానం కూడా పోతాది. పోనియ్యి."

మురుగేష్ పోనిచ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి ఒక చెయ్యి తీశాడు, వెంటనే మళ్లీ స్టీరింగు మీద పెట్టాడు. పద్నాలుగు గంటలని చూపించింది తనే. వారం కిందట, మగ్గం పక్కన నిలబడి, నవ్వుతూ చూపించాడు.

మోనిక ఫోన్ మోగింది. అమ్మ.

ఎత్తకపోతే మళ్లీ చేస్తుంది. బండి చప్పుడులో వినబడదని స్పీకరులో పెట్టింది.

"యాడికి పోయినారు?" అంది నాగరత్నమ్మ.

"తిరువళ్లూరు దగ్గర పడతా ఉందిమ్మా. అమ్మా, నేను..."

"నువ్వేం చెప్పొద్దు, నేను చెప్తా విను. నువ్వు పోయినాక ఉదయ, నేను కూచుని మాట్లాడుకుంటిమి. నేను అనరాని మాట అంటిని. నువ్వు చెప్పిందే నిజం. ఆ మనిషికి తెలిసుంటే నీకు ఇంత కష్టం పెడతాడా? నీ కాలు విరిగినప్పుడు ఆయన అన్నం మానేసినాడు, నాకు గుర్తు లేదా? నలభై ఏండ్లు చేసిన కాపురంలో ఆ మనిషిని నేను ఇదేనా తెలుసుకునింది." ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "ఏమన్నా తిన్నాడా ఆయన?"

మోనిక మూత తెరవని పులిహోర డబ్బా వైపు చూసింది.

"తినుండడు. నాకు తెలుసు. ఫోను ఆయనకియ్యి. నేనే చెప్పుకుంటా, తప్పయిందని. ఒక్క మాట చెప్పుకుంటే గానీ నాకు ముద్ద దిగదు. ఇయ్యమ్మా."

ముందు సీట్లో గోవిందయ్య అంతా విన్నాడు. వెనక్కి తిరగలేదు. కూతురు ఏం చెయ్యమంటే అది చేస్తానన్నట్టు, భుజం మీదినుంచి అరచెయ్యి మాత్రం వెనక్కి చాచాడు.

"పాపా, ఉండావా? ఆయన పక్కనే ఉండాడా?" అంటోంది నాగరత్నమ్మ.

"ఉండాడమ్మా," అంది మోనిక. "ఇస్తా ఉండా."

ఫోన్ ఆయన అరచేతిలో పెట్టింది. ఏం చెప్పమనీ చెప్పలేదు, ఏం చెప్పొద్దనీ చెప్పలేదు.